మీకు తెలుసా? భూటాన్ మెటికల మీది దారి

భూటాన్ రాజధాని థింపూ నుంచి తూర్పున ఉన్న త్రాషిగాంగ్‌కు పక్షిలా ఎగిరిపోతే 200 కిలోమీటర్లు కూడా ఉండదు. రోడ్డెక్కితే మాత్రం సుమారు 550 కిలోమీటర్లు! తెలంగాణలో మూడో వంతు ఉన్న దేశంలో ఇంత చుట్టెందుకు?

● పిడికిలి బిగించి, మెటికల మీద ఒక చీమను పాకించండి. ప్రతి మెటికా ఎక్కాలి, ప్రతి సందులోకీ దిగాలి. భూటాన్ నదులు ఉత్తరాన హిమాలయాల నుంచి దక్షిణానికి పారతాయి. వాటి మధ్య కొండల వరుసలూ అలాగే బారులు తీరి ఉంటాయి. పడమర నుంచి తూర్పుకు పోయే ఈ జాతీయ రహదారి వాటన్నిటికీ అడ్డంగా సాగుతుంది.

● ఈ దారిలో దోచు లా, పెలె లా, యోటోంగ్ లా, త్రుమ్షింగ్ లా అనే పేర్లు వరసగా తగులుతాయి. ‘లా’ అంటే కనుమ. నాలుగూ 3,000 మీటర్లు దాటినవే. ఆంధ్రప్రదేశ్‌లోని ఎత్తైన కొండ శిఖరాలు కూడా 1,700 మీటర్ల లోపే!

● త్రుమ్షింగ్ లా అన్నిటికన్నా ఎత్తు, దాదాపు 3,780 మీటర్లు. అక్కడ చలికాలంలో మంచు రోడ్డును మూసేస్తుంది. అక్కడి నుంచి తూర్పున మోంగర్ పట్టణం వైపు ఘాట్ రోడ్డులో వంద కిలోమీటర్లు కూడా పోకముందే 3,000 మీటర్లకు పైగా దిగిపోతాం. పొద్దున స్వెట్టర్, మధ్యాహ్నానికి చెమట!

● రోడ్డు రాకముందు తూర్పు, పడమరలను కలిపే కాలిబాట ట్రోంగ్సా జోంగ్ అనే కోట ముంగిట్లోంచే పోయేది. కోట తలుపులు మూస్తే దేశం రెండు ముక్కలైనట్టే. ఆ కోటను ఏలిన ఉగ్యెన్ వాంగ్‌చుక్కే 1907లో భూటాన్ తొలి రాజయ్యాడు.

● 1958లో ప్రధాని నెహ్రూ భూటాన్ వెళ్లేనాటికి అక్కడ మోటారు రోడ్డే లేదు. సిక్కిం నుంచి నాథూ లా ఎక్కి, టిబెట్‌లోని చుంబీ లోయ మీదుగా, గుర్రం మీదా కాలినడకనా పారో చేరారు.

● 1961లో భారత సరిహద్దు రహదారుల సంస్థ ‘దంతక్’ పేరుతో అక్కడ పని మొదలుపెట్టింది. సరిహద్దు పట్టణం ఫుంట్‌షోలింగ్ నుంచి థింపూకు 1962లో వాహనాలు నడిచాయి. ఆరు రోజుల కంచరగాడిదల ప్రయాణం కొన్ని గంటలకు తగ్గింది. భూటాన్‌లో దంతక్ పనుల్లో వెయ్యి మందికి పైగా ప్రాణాలు వదిలారు.

● దోచు లా దగ్గర బండి ఆపని యాత్రికుడు ఉండడు. అక్కడ 108 చిన్న స్తూపాలు గుమిగూడి కనిపిస్తాయి. 2003లో దక్షిణ అడవుల్లో తిష్ఠ వేసిన తీవ్రవాదులతో పోరాడి చనిపోయిన భూటాన్ సైనికుల స్మృతికి రాజమాత కట్టించినవి.

● ఇంత కష్టపడి వేసుకున్న రహదారి ఉన్నా తూర్పు వాళ్లు చాలామంది రాజధానికి వేరే దారిన పోతుంటారు. సంద్రుప్ జోంఖర్ దగ్గర కొండ దిగి భారత్‌లో అడుగుపెడతారు. అస్సాం మైదానం వెంట పడమటికి సాగి, ఫుంట్‌షోలింగ్ దగ్గర మళ్లీ సొంత దేశంలోకి ఎక్కుతారు. చీమకు కూడా మెటికల కన్నా అరచేయే సుఖం మరి!