ఏ కేబుల్ ఎటు పోయిందో స్విచ్‌నే అడగండి: ఎల్‌ఎల్‌డీపీ సెటప్ ఇలా

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో చిన్న ఆఫీసులు, రైస్ మిల్లుల నెట్‌వర్క్‌లు చూస్తుంటాను. ఎక్కడ ర్యాక్ తెరిచినా లేబుల్ లేని కేబుళ్ల కట్టే. ఏది ఎటు పోయిందో తెలియక ఒక్కోటి పీకి చూస్తుంటారు. వడ్ల సీజన్‌లో మిర్యాలగూడ మిల్లులో అలా పీకితే వేబ్రిడ్జి కంప్యూటర్ ఆగుతుంది, బయట లారీలు లైన్ కడతాయి. పీకే పని లేకుండా చెప్పే ఫీచర్ మేనేజ్డ్ స్విచ్‌లలో ఉంటుంది. అదే ఎల్‌ఎల్‌డీపీ, అంటే లింక్ లేయర్ డిస్కవరీ ప్రోటోకాల్.

ఎలా పనిచేస్తుంది?

స్విచ్ ప్రతి పోర్టు నుంచి, మామూలుగా 30 సెకన్లకోసారి, ఒక చిన్న ఫ్రేమ్ పంపుతుంది. "నేను ఫలానా, ఇది నా ఫలానా పోర్టు, ఈ సమాచారం 120 సెకన్లు చెల్లుతుంది" అని అందులో ఉంటుంది. పక్క పరికరం దాన్ని రాసిపెట్టుకుంటుంది, అవతలికి పంపదు. గడువులోగా కొత్తది రాకపోతే ఆ పేరు కొట్టేస్తుంది. ఇది 2005లో వచ్చిన ఐఈఈఈ 802.1ఏబీ స్టాండర్డ్. సిస్కో సొంత ప్రోటోకాల్ సీడీపీ వేరే ఉంది కానీ, రకరకాల కంపెనీల స్విచ్‌లు కలిసిన చోట ఎల్‌ఎల్‌డీపీయే పనికొస్తుంది.

సిస్కో ఐఓఎస్‌లో సెటప్

1. ముందు "హోస్ట్‌నేమ్" కమాండ్‌తో ప్రతి స్విచ్‌కీ పేరు పెట్టండి. అన్నీ "స్విచ్" అనే ఉంటే లిస్టు చూసీ లాభం లేదు.
2. కాన్ఫిగ్ మోడ్‌లో "ఎల్‌ఎల్‌డీపీ రన్" కొట్టండి. రెండు వైపులా ఆన్ చేయాలి. వెబ్ పేజీతో నడిచే స్విచ్ అయితే ఎల్‌ఎల్‌డీపీ మెనూలో ఎనేబుల్ చేయండి.
3. ఒక నిమిషం ఆగి, ఎనేబుల్ మోడ్‌లో "షో ఎల్‌ఎల్‌డీపీ నెయిబర్స్" చూడండి. అవతలి పరికరం పేరు, మన పోర్టు, అవతలి పోర్టు కనిపిస్తాయి.
4. బయటివాళ్లు ప్లగ్ చేసే పోర్టుల్లో, ఇంటర్నెట్ ప్రొవైడర్ వైపు పోర్టులో "నో ఎల్‌ఎల్‌డీపీ ట్రాన్స్‌మిట్", "నో ఎల్‌ఎల్‌డీపీ రిసీవ్" ఇవ్వండి. ఈ ఫ్రేమ్‌లకు ఎన్‌క్రిప్షన్ లేదు. స్విచ్ మోడల్, సాఫ్ట్‌వేర్ వెర్షన్ లాంటివి ఎవరైనా చదివేయొచ్చు.
5. కాన్ఫిగ్ సేవ్ చేయండి, లేకుంటే కరెంటు పోయి వస్తే సెట్టింగ్ పోతుంది.

ఒక చిక్కు ఉంది

మధ్యలో చవక అన్‌మేనేజ్డ్ స్విచ్ ఉంటే అది లిస్టులో కనబడదు. కొన్నైతే ఫ్రేమ్‌లను అవతలికి వదిలేస్తాయి కూడా. ఒకే పోర్టులో రెండు మూడు స్విచ్‌ల పేర్లు వచ్చాయంటే మధ్యలో అలాంటిదేదో ఉందేమో వెతకండి.

నాకు దీనివల్ల పెద్ద లాభం తిరుగుడు తగ్గడం. మొన్న కోదాడలో ఒక ఆఫీసు పై అంతస్తులో నెట్ రావట్లేదని ఫోన్ వచ్చింది. సూర్యాపేట నుంచే కింది స్విచ్‌లోకి లాగిన్ అయి చూస్తే, పాత లిస్టులో 23వ పోర్టులో ఉన్న పై స్విచ్ పేరు ఇప్పుడు లేదు. "అన్నా, 23లో వైరు గట్టిగా నొక్కు" అన్నా, అంతే, లైన్ వచ్చేసింది. కాబట్టి అన్నీ బాగున్న రోజే ఆ లిస్టు ప్రింట్ తీసి ర్యాక్ తలుపుకి అతికించండి. పాడైన రోజు పోల్చుకోవడానికి అదే ఆధారం.