బాలల తొడ ఎముకకు కడ్డీ చికిత్స – ఎదుగుదలపై ప్రభావం

హైదరాబాద్: లోయర్ ట్యాంక్ బండ్ వంటి రద్దీ రహదారులపై ప్రమాదానికి గురైన బాలల తొడ ఎముకలో కడ్డీ అమర్చితే కాలు ఎదగదన్న భయం తల్లిదండ్రులకు సహజం.

అయితే ఎముక పొడవు పెరిగేది నడిమి భాగంలో కాదు. ఇరు కొనల సమీపంలోని మృదులాస్థి ఫలకాల వద్ద. తొడ ఎముక ఎదుగుదలలో సుమారు 70 శాతం మోకాలి వైపు ఫలకం ద్వారానే జరుగుతుంది. అందువల్ల సుమారు 5 నుంచి 11 ఏళ్ల బాలలకు ఆ ఫలకాన్ని తాకకుండా, దానికి పైభాగం నుంచి వంగే గుణం గల టైటానియం కడ్డీలను ప్రవేశపెడతారు. పెద్దలకు వాడే గట్టి కడ్డీ వల్ల ఈ వయసులో తొడ ఎముక తలకు రక్తప్రసరణ దెబ్బతినే ప్రమాదం ఉంది.

ఎముక అతికే క్రమంలో రక్తప్రసరణ పెరిగి కాలు సుమారు 1 సెంటీమీటరు అధికంగా ఎదుగవచ్చు. ఇది సాధారణంగా హానికరం కాదు. అయినా రెండేళ్లపాటు వైద్యులచే కాళ్ల పొడవు కొలిపించవలెను.

ప్రమాదం జరిగిన వెంటనే కాలు కదలనీయక 108కు ఫోన్ చేయవలెను. ఈ ప్రాంతానికి ముషీరాబాద్‌లోని గాంధీ ఆసుపత్రి సమీపంలో ఉంది.