కబడ్డీ: కూత మనది, ప్లాను ఎవరిది?

నూర్పులు ముగిసి కల్లం ఖాళీ అయితే చాలు, మా సాలూరు చుట్టుపక్కల పల్లెల్లో చెడుగుడు గీతలు పడిపోతాయి. సంక్రాంతి పందేల నాడు మా తాత గట్టుమీద కూర్చుని "దమ్ము ఒగ్గీకురా!" అని కేకలేసేవాడు. ఆయన లెక్కలో ఈ ఆటంటే ఊపిరి, తొడబలం, కాస్త మొండితనం. కాలేజీకి వచ్చేవరకు నా లెక్కా అంతే.

ఆట మనది గనుక గెలుపూ మనదే అన్న ధీమా మనలో ఉంది. అందుకు కారణం లేకపోలేదు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ సందర్భంలోనే మహారాష్ట్రలోని అమరావతికి చెందిన హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలి వారు ఈ ఆటను అక్కడ ప్రదర్శించారు. 1972లో అమెచ్యూర్ కబడ్డీ ఫెడరేషన్ ఏర్పడింది. 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో ఇది పతకపు ఆట అయింది. నాటినుండి 2014 వరకు వరుసగా ఏడుసార్లు పురుషుల స్వర్ణం మనదే. మహిళల పోటీ 2010లో మొదలయింది. ఆ రెండుసార్లూ స్వర్ణం మనవాళ్ళే తెచ్చారు.

2018లో జకార్తాలో ఏం జరిగింది? మన పురుషులు గ్రూపు దశలో దక్షిణ కొరియా చేతిలో 23-24తో, సెమీఫైనల్లో ఇరాన్ చేతిలో 18-27తో ఓడారు. మరునాడు మహిళల ఫైనల్లోనూ ఇరాన్‌దే గెలుపు, 27-24. ఆ ఇరాన్ మహిళలకు శిక్షణ ఇచ్చినది మన దేశస్థురాలే, శైలజా జైన్. హెచ్చరిక ముందే రాలేదని కూడా అనలేం. 2016 అహ్మదాబాదు ప్రపంచకప్పులో మొదటి మ్యాచిలోనే కొరియా మనల్ని 34-32తో ఓడించింది. కప్పు చివరికి మనకే వచ్చింది గనుక ఆ సంగతి మరిచిపోయాం.

వాళ్ళు చేసిందేమిటి? ఇరాన్‌లో కుస్తీ పాత విద్య. నడుము పట్టడం, కాలు లాగడం వచ్చిన కుర్రాళ్ళను కబడ్డీ పట్టుకు మలిచారు. 2014లో మన ప్రో కబడ్డీ లీగు మొదలయ్యాక ఫజల్ అత్రాచలి, కొరియా నుండి జాంగ్ కున్ లీ వంటివారు ఇక్కడికే వచ్చి, మనవాళ్ళ పక్కనే ఆడి, ఎవడు ఏ కాలితో బోనస్ గీత దాటుతాడో కళ్ళారా చూసి వెళ్ళారు. ఇందులో దొంగతనమేమీ లేదు. దీన్నే ప్లాను అంటారు.

ఇక మన సంగతి. నా అనుభవం ఒకటి చెప్పక తప్పదు. మొదటి సంవత్సరంలో మా జట్టు ఒక కళాశాలల పోటీకి వెళ్ళింది. అక్కడ ఆట మ్యాట్ మీద. మాలో ఆరుగురు మ్యాట్‌ను కళ్ళతో చూడటం అదే మొదలు. బూట్లు ఇంకొకరివి అడిగి తొడుక్కున్నాం. రెండో సగంలో మా ఊరి కుర్రాడొకడు కూతకు వెళ్ళి, చటుక్కున వెనక్కి తిరిగాడు. పాదం తిరగలేదు. మోకాలిలో లిగమెంటు తెగింది. చదువు కూడా మానేసి, ఇప్పుడు సాలూరులో లారీ బాడీలు కట్టే షెడ్డులో పనిచేస్తున్నాడు.

ఇది దురదృష్టం కాదు, భౌతికశాస్త్రం. మట్టిలో ఉత్తికాలు కొంచెం జారుతుంది. ఆ జారడంలోనే మలుపు బలం కొంత ఖర్చయిపోతుంది. మ్యాట్ మీద రబ్బరు అడుగు బూటును ఘర్షణ గట్టిగా పట్టి ఉంచుతుంది. పాదం నిలిచిపోయి ఒళ్ళు తిరిగితే ఆ మెలి అంతా మోకాలి మీదే పడుతుంది. తొడ వెనక కండరాలు గట్టిపడేలా నెలల తరబడి సాధన చేసి, చిన్న చిన్న అడుగులతో తిరగడం నేర్చుకుంటే ఈ ప్రమాదం చాలావరకు తగ్గుతుంది. మట్టిలో ఆడి నేరుగా మ్యాట్ ఎక్కితే తగ్గదు. అంతర్జాతీయ పోటీలన్నీ మ్యాట్ మీదే జరుగుతున్నాయి. మన పల్లెల్లో ఇంకా కల్లమే.

ఊపిరి సంగతీ అంతే. ఇప్పుడు కూతకు 30 సెకన్లే గడువు. అంత కొద్దిసేపు ఒళ్ళు దాచుకోకుండా కదిలినప్పుడు, మొదటి పదిసెకన్లకు కావలసిన శక్తి ముఖ్యంగా కండరంలో నిలవ ఉన్న క్రియాటిన్ ఫాస్ఫేట్ నుండి వస్తుంది. తరువాత ఆక్సిజన్ అవసరం లేకుండా గ్లూకోజు విచ్ఛిన్నమై లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. ఆ నిలవ మళ్ళీ నిండాలంటే కొన్ని నిమిషాలు పడుతుంది. ఊళ్ళో మొనగాడని ఒకణ్ణే ప్రతి కూతకూ పంపితే, నాలుగో కూతకు వాడి కాళ్ళలో ఏముంటుంది? కూతగాళ్ళు ముగ్గురుండాలి, వంతు ముందే రాసుకోవాలి. మా తాత దీనికి ఒప్పుకోడు. "మొనగోడుండగా ఇంకోడెందుకురా?" అంటాడు.

రూల్సు పుస్తకాన్ని మనం అసలు ముట్టుకోం. 2023లో హాంగ్‌ఝౌలో ఇరాన్‌తో ఫైనలు ఆఖరి నిమిషాల్లో, 28-28 దగ్గర, పవన్ సెహ్రావత్ ఎవరినీ తాకకుండానే లాబీలోకి వెళ్ళాడు. వెంట ఇరాన్ రక్షకులూ వెళ్ళారు. పాత రూలా, కొత్త రూలా అన్న తగవుతో దాదాపు గంటసేపు ఆట ఆగిపోయింది. చివరికి 33-29తో మనం గెలిచాం. మహిళలు చైనీస్ తైపేపై 26-25తో, అనగా ఒక్క పాయింటుతో, గట్టెక్కారు. ఈ అంకెలు చూసి కూడా ధీమాగా ఉండగలమా?

ఫెడరేషన్ కథ వేరు. 2018లో ఢిల్లీ హైకోర్టు దానికి అడ్మినిస్ట్రేటర్‌ను నియమించింది. పగ్గాలు ఎన్నికైనవారి చేతికి రావడానికి 2025లో సుప్రీంకోర్టు ఆదేశం కావలసివచ్చింది. పైన ఇలా ఉంటే కింద మ్యాట్ ఎవరు కొంటారు? రైల్వేలు, సర్వీసులు ఉద్యోగం ఇస్తాయి గనుక వాటి జట్లు నిలబడుతున్నాయి. జీతం లేని ఆటకు రైతుబిడ్డను ఎన్నాళ్ళు పంపుతారు? మా నాన్న నన్ను రెండేళ్ళకు మించి పంపడు.

అందుచేత యూనియన్ వారికి నా విన్నపం: ఈ ఏడు కప్పులు, షీల్డులు తగ్గించి, ఆ డబ్బుతో అరకోర్టు మ్యాటయినా కొనండి. అమ్మాయిల హాస్టలుకు దగ్గరగా వేయిస్తే వాళ్ళూ ఆడతారు. మ్యాచిలు సెల్‌ఫోనులో తీసి పెట్టుకోవడానికి పైసా ఖర్చు లేదు.

మొన్న సంక్రాంతికి మా కల్లంలో పిల్లలకు గడియారం పెట్టి 30 సెకన్ల కూతలు ఆడించాం. సెకన్లు లెక్కపెట్టినవాడు ఆ మోకాలు దెబ్బతిన్న కుర్రాడే. షెడ్డు నుండి కొలతల టేపు తెచ్చి, 13 మీటర్లు, 10 మీటర్లు సరిచూసి గీతలు గీసిందీ వాడే. ఇన్నాళ్ళూ మేము ఆడిన కోర్టు మీటరున్నర పొట్టిదని అప్పుడు తెలిసింది.