ప్రయోజ్యకర్తృత్వము – జీవస్వాతంత్ర్యము

ఈశ్వరుఁడు సర్వనియంత యైనచో జీవుఁడు స్వతంత్రుఁ డగునా? జీవుఁడు స్వతంత్రుఁ డైనచో నీశ్వరుని నియంతృత్వము నిలుచునా? పరుల సొమ్మపహరించినవాఁడు “దైవమే నాచేఁ జేయించెను” అన్నచో వానిని దండించుట న్యాయమా? విధినిషేధశాస్త్రమున కంతటికి నీ ప్రశ్నమే మూలమును గదల్చునది.

కౌషీతక్యుపనిషత్తు తృతీయాధ్యాయమున, నుద్ధరింపఁ దలఁచినవానిచే సాధుకర్మమును, అధోగతికిఁ ద్రోయఁ దలఁచినవానిచే నసాధుకర్మమును బరమాత్మయే చేయించునని కలదు. అందలి క్రియ ‘కారయతి’ యను ణిజంతము. కావున వ్యాకరణమర్యాద ముందుగా విచార్యము.

పాణిని స్వతంత్రునకుఁ గర్తృసంజ్ఞను (1-4-54), ఆ కర్తను బ్రేరేపించువానికి హేతుసంజ్ఞను గర్తృసంజ్ఞను (1-4-55) విధించెను. “యజ్ఞదత్తుఁడు దేవదత్తునిచే వండించుచున్నాఁడు” అనుచోట మొదటివాఁడు ప్రయోజకకర్త, రెండవవాఁడు ప్రయోజ్యకర్త. ప్రయోజకుఁడు వచ్చినంతమాత్రమునఁ బ్రయోజ్యుని కర్తృత్వము తొలఁగదు. కావుననే యతనికిఁ దృతీయ కలిగినది.

ప్రేరితుఁడు స్వతంత్రుఁ డెట్లగునను శంక మహాభాష్యముననే కలదు. స్వాతంత్ర్యమనఁగా నితరాపేక్ష లేకుండుట యన్నచో నీ శంక తీఱదు; కట్టెలు, కుండ, నీరు లేక యెవ్వఁడును వండఁజాలఁడు గదా. భర్తృహరి సాధనసముద్దేశమున దీనికి హేతువులను జూపెను: కర్త తక్కిన కారకములకంటె ముందే శక్తిమంతుఁడై యుండును, అవి యతనికి లోఁబడియుండును, వానిని బ్రవర్తింపఁజేయుటకును నివర్తింపఁజేయుటకును నతఁడే సమర్థుఁడు. కాఁబట్టి స్వాతంత్ర్యము క్రియయందుఁ బ్రాధాన్యమే కాని నిరపేక్షత్వము కాదు.

శ్రుతియందుఁ బ్రయోజ్యునికి ద్వితీయయే వినఁబడుచున్నది, కర్మమైనవాఁడు కర్త యెట్లగునందురేని, వినుఁడు. హృఞ్, కృఞ్ ధాతువుల ణ్యంతరూపములందుఁ గర్మసంజ్ఞ వైకల్పికము (1-4-53). అదియును నణ్యంతావస్థయందుఁ గర్తయైనవానికే. కర్మమని పిలువఁబడుటకైనను వాఁడు మొదటఁ గర్త కావలయును.

అయినను శబ్దప్రయోగము వివక్షాధీనము. సంస్కృతమునఁ గుండయే వండుచున్నదని చెప్పుటయుఁ గలదు. కుండకుఁ బుణ్యపాపములు లేవు. కావునఁ గర్తృసంజ్ఞమాత్రముచే దండార్హత సిద్ధింపదు. ఇట వేదాంతము శరణ్యము.

బ్రహ్మసూత్రముల ద్వితీయాధ్యాయ తృతీయపాదమున జీవుని కర్తృత్వ మీశ్వరాధీనమని చెప్పి, వెంటనే యీశ్వరుఁడు జీవకృతప్రయత్నము నపేక్షించియే చేయించునని, కానిచో విధినిషేధములు వ్యర్థములగునని నిర్ణయింపఁబడినది. శంకరులు వర్షమును దృష్టాంతముగాఁ జూపిరి: వాన వరికిని యవలకును సమానకారణము, భేదము విత్తనములదే. జీవుని యిప్పటి ప్రయత్నము పూర్వప్రయత్నమువలన వచ్చిన దన్నచో సంసార మనాది యని వారి సమాధానము. రామానుజులు మొదటి ప్రయత్నమును జీవునియందే యుంచి, యీశ్వరుని యనుమతిని దానికిఁ జేర్చిరి: ఇరువుర యుమ్మడి సొత్తును బరున కిచ్చుటకు రెండవవాని యనుమతి కావలయును, ఇచ్చినఫల మిచ్చినవానిదే.

ప్రేరణము సర్వత్ర యాజ్ఞారూపమే కానక్కఱలేదు. ప్రార్థనయు ననుమతియుఁ బ్రేరణములే. కాఁబట్టి రామానుజుల యనుమతిపక్షము ణిజర్థమునకు మిక్కిలి సన్నిహితము. “దైవము నాచేఁ జేయించెను” అనువాఁడు ‘నాచే’ యనుచుఁ దన కర్తృత్వమును దానే యొప్పుకొనుచున్నాఁడు. మానఁగలిగియు మానని యా ప్రయత్నము వానిది, దండమును వానిదే.