పుష్‌రాడ్ వంగితే ఏమవుతుంది?

అమెరికాలో జరిగే నాస్కార్ కార్ల రేసులో ఇంజన్ నిమిషానికి 9,000 చుట్లు తిరుగుతున్నప్పుడు ఒక్కో వాల్వ్ సెకనుకు 75 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది!

వాల్వులేమో పైన సిలిండర్ హెడ్‌లో, వాటిని నడిపే క్యామ్‌షాఫ్ట్ కింద ఇంజన్ బ్లాకులో. రెంటికీ మధ్య ఉండే సన్నటి ఉక్కు గొట్టమే పుష్‌రాడ్. క్యామ్ గుబ్బ కిందినుంచి తోస్తుంది. రాకర్ ఆర్మ్ మీదుగా వాల్వ్ స్ప్రింగ్ పైనుంచి అణుస్తుంది. రేసు ఇంజన్లలో ఆ స్ప్రింగులు మహా గట్టివి.

ఇలా రెండు కొసలా నొక్కితే ఏమవుతుందో తెలియాలంటే చీపురుపుల్లను నిలబెట్టి పైనుంచి నొక్కి చూడండి, విల్లులా వంగుతుంది. సగానికి విరిచి నొక్కితే అంత తేలిగ్గా వంగదు. పొడవు సగమైతే నాలుగు రెట్ల బలం కావాలి మరి!

పుష్‌రాడ్ వెంట్రుకవాసి వంగినా వాల్వ్ తెరుచుకోవడం ఆలస్యమవుతుంది. అందుకే క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఉక్కు వాడతారు. అయితే ఉక్కు రకం ఒక్కటే చాలదు. గొట్టాన్ని లావు చేస్తేనే అసలైన బిగువు.

పొడవు తగ్గించడం మరో దారి. 1994 ఇండియానాపొలిస్ 500 కార్ల రేసు కోసం ఇల్మోర్ సంస్థ తయారుచేసిన మెర్సిడెస్ ఇంజన్‌లో క్యామ్‌షాఫ్ట్‌ను బాగా పైకి జరిపి, పుష్‌రాడ్‌లను కురచ చేశారు. ఆ రేసులో డ్రైవర్ ఆల్ అన్సర్ జూనియర్ గెలిచింది ఆ ఇంజన్‌తోనే.