కిస్తు వెళ్లలేదు, యుద్ధం వచ్చింది!

శిస్తు కట్టకపోతే జప్తు వస్తుందని పల్లెల్లో పెద్దవాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. కానీ ఒక్క కిస్తు గడువులోగా వెళ్లని పాపానికి ఏడున్నర వేల మంది దాదాపు 21 గంటల పాటు కొట్టుకున్న ఉదంతం ఒకటుంది. నెత్తురు చుక్క రాలలేదు. ఎవరి కొంపా కూలలేదు. నష్టం మాత్రం 3 లక్షల డాలర్లకు తక్కువ కాదని లెక్క తేలింది. అప్పటి మారకంలో మన రూపాయలు కోటీ 80 లక్షల పైమాటే.

ఇదంతా జరిగింది కంప్యూటరు ఆటలో. ఆట పేరు ‘ఈవ్ ఆన్‌లైన్’. ఐస్‌లాండ్ అనే చలిదేశంలో, రేక్యవిక్ నగరంలో ఉన్న సి.సి.పి. అనే కంపెనీ దీన్ని 2003లో మొదలుపెట్టింది. ఆ దేశం జనాభా మొత్తం 4 లక్షలకు అటూ ఇటూ. 2013 నాటికి ఆట చందాదారులు 5 లక్షలయ్యారు. దేశం కంటే ఆటే పెద్దదయిందన్న మాట!

చుక్కల నడుమ ఓడలు నడపడం, గనులు తవ్వడం, సరుకు అమ్మడం, పోట్లాడడం - ఇదీ ఆట. ప్రపంచంలో ఏ మూల కూర్చున్నవాడైనా నెట్ ద్వారా ఇందులో చేరవచ్చు. ఓడ పైనుంచి ఊడిపడదు. దానికి కావలసిన ఖనిజం ఎవడో ఒకడు తవ్వాలి, ఇంకొకడు ఓడ కట్టాలి. కూలిందంటే పోయిందే. మళ్లీ కట్టుకోవలసిందే. ఒంటిగాడి వల్ల అయ్యే పని కాదు గనుక జనం సంఘాలుగా కూడతారు. ఆటలో వాటిని కార్పొరేషన్లంటారు. సంఘం అన్నాక ఖజానా, ఖజానా అన్నాక పన్ను, పన్ను అన్నాక పద్దులు తప్పవు కదా!

20 నిమిషాలకొకసారి కోత

పన్ను ఎంతో సంఘం పెద్దలే నిర్ణయిస్తారు. కంప్యూటరే నడిపే దొంగల ఓడలను కూల్చినవారికి ఆటలో బహుమతి దక్కుతుంది. అది 20 నిమిషాలకొకసారి చేతికొస్తుంది. పన్ను 10 శాతమైతే, 10 లక్షలు సంపాదించినవాడికి 9 లక్షలే కనిపిస్తాయి. మిగిలిన లక్ష నేరుగా సంఘం ఖజానాకు పోతుంది. ఎగవేతకు దారి లేదు. ఏ సంఘంలోనూ చేరకుండా తప్పించుకుందామన్నా కుదరదు. అటువంటివారిని ఆటే ఒక సర్కారీ సంఘంలో వేసి 11 శాతం కోస్తుంది.

అసలు తిప్పలు గనుల దగ్గర. తవ్విన ఖనిజం మీద ఈ పన్ను పడదు. దొంగల వెంట పడేవాడు పన్ను కడుతుంటే గని కార్మికుడు ఊరికే పోతున్నాడన్న గొణుగుడు సంఘాల్లో మామూలే. అందుకని కొందరు సభ్యుల ఖనిజాన్ని బజారు ధరకు కొంచెం తగ్గించి సంఘమే కొనే పద్ధతి పెట్టారు. 2017 అక్టోబరులో కంపెనీ గనుల చిట్టా ఒకటి ప్రవేశపెట్టింది. సంఘం తవ్వించే చందమామ గనిలో ఎవరు ఏ రోజున ఎంత తవ్వుకున్నారో అందులో నమోదవుతుంది. పద్దులు రాసే మనిషి ఆ చిట్టా తీసుకుని, బజారు ధరతో హెచ్చవేసి, ఫలానావారి బాకీ ఇంత అని తేలుస్తాడు. కట్టనివాణ్ణి ఏం చేస్తారంటే, సంఘంలోంచి వెలివేయడమే. అంతకు మించిన కోర్టు అక్కడ లేదు.

వచ్చిన సొమ్ము ఎటు పోతుంది? చాలా భాగం ఓడల పరిహారానికి. సంఘం పిలుపు మీద యుద్ధానికి వెళ్లి ఓడ పోగొట్టుకున్నవాడికి సంఘమే డబ్బిస్తుంది. ఓడ కూలగానే ఆటలో దానంతట అదే ఒక రసీదు పుడుతుంది. ఎప్పుడు కూలింది, ఎక్కడ, ఏ సరంజామాతో, అన్నీ అందులో ఉంటాయి. సంఘం చెప్పిన రకం ఓడేనా, చెప్పిన తుపాకులే బిగించాడా అని చూసి మరీ చెల్లిస్తారు. సొంత సరదాకు పోయి కూల్చుకున్నవాడికి చిల్లిగవ్వ రాదు. పంటల బీమా కోసం తిరిగినవారికి ఈ కాగితాల తతంగం కొత్తేమీ కాదు.

ఖజానాలో ఏడు అరలు ఉంటాయి. పరిహారానికి ఒకటి, ఓడల కట్టుబడికి ఒకటి, ఇలా పంచుకుంటారు. లెక్క చూసే హక్కు వేరు, డబ్బు తీసే హక్కు వేరు. డ్వాక్రా సంఘంలో పుస్తకం రాసే అమ్మాయిని అడిగితే ఈ తేడా ఎంత అవసరమో రెండు ముక్కల్లో చెబుతుంది. ఆటగాళ్లు ఎంతగా లెక్కల్లో మునిగి ఉంటారంటే, 2022లో కంపెనీ మైక్రోసాఫ్ట్‌తో కలిసి ఆట లెక్కలు నేరుగా ఎక్సెల్‌లోకి వచ్చే ఏర్పాటు ప్రకటించింది.

కాపలాదారే కన్నం వేస్తే

అరలు ఎన్ని ఉన్నా తాళం చేతిలో ఉన్నవాడి బుద్ధి ముఖ్యం. ఆటగాళ్లే కలిసి ‘ఈబ్యాంక్’ పేరుతో ఒక బ్యాంకు నడిపారు. 2009లో దాని పెద్ద ఒకాయన 20 వేల కోట్ల ఆట డబ్బు కాజేశాడు. దాన్ని బయట 6 వేల పైచిలుకు ఆస్ట్రేలియా డాలర్లకు అమ్ముకున్నాడు. ఇంటికి బయానా, వైద్యం ఖర్చులు అందుకు కారణాలని తేలింది. సంగతి పొక్కగానే డిపాజిటుదారులు సొమ్ము వెనక్కి తీసుకోవడానికి ఎగబడ్డారు. కంపెనీ ఆయన్ను ఆటలోంచి వెళ్లగొట్టింది. అయితే దొంగతనానికి కాదు! ఆట డబ్బును అసలు డబ్బుకు అమ్మడం నిషిద్ధం గనుక. ఆట లోపల మోసం చేయడం నేరమేమీ కాదు. ఇదెక్కడి న్యాయమని ముక్కున వేలేసుకునేవారు వేసుకోవచ్చు. అక్కడి చట్టం అది.

ఇక ఆ కిస్తు సంగతి. ఆ రోజుల్లో ఆటలో ఒక ప్రాంతం మీద పెత్తనం నిలుపుకోవాలంటే నిర్ణీత గడువులో బిల్లు కట్టాలి. ‘బి-ఆర్5ఆర్‌బి’ అనే చోట ఒక కూటమి తన ఓడలు, సరంజామా దాచుకుంది. అది దానికి స్థావరం. 2014 జనవరి 27న అక్కడి బిల్లు చెల్లింపు జరగలేదు. పెత్తనం రద్దయింది. పొరుగు శత్రువులు ఇది పసిగట్టి వెంటనే తమ జెండా పాతడానికి వచ్చి పడ్డారు. స్థావరం పోతే లోపలి సరుకు చిక్కుబడిపోతుందని సొంతదారులు తమ దండునంతా దింపారు. ఇరుపక్షాలకూ మిత్రులు వచ్చారు. రద్దీ తట్టుకోలేక కంప్యూటర్లు ఆట వేగాన్ని పదో వంతుకు తగ్గించాయి. అందుకే పోరు మర్నాటి దాకా సాగింది.

పాల్గొన్నవారు 7,548 మంది. ‘టైటాన్’ అనే భారీ ఓడలు 75 కూలాయి. నెలల తరబడి వందల మంది తవ్విన ఖనిజం పోస్తే గాని తయారుకాని ఓడలవి. వాటిలో 59 బిల్లు తప్పిన పక్షానివే. అవతలివారివి 16. మొత్తం నష్టం ఆట డబ్బులో 11 లక్షల కోట్లు.

ఆ కూలిన ఓడల శిథిలాలను కంపెనీ యుద్ధం జరిగిన చోటనే స్మారకంగా నిలబెట్టింది.