జుట్టు మనది, బిళ్ళ పరులది

పెండ్లిండ్ల ఋతువు వచ్చినదనిన పూర్వము కంసాలి యింట కుంపటి చల్లారెడిది కాదు. నేడును ఋతువు తప్పక వచ్చుచున్నది గాని, వధువు జడకు కావలసిన సామగ్రికై మనవారు పోవు చోటు మారినది. విజయవాడయందైనను, హైదరాబాదునందైనను నగలు అద్దెకిచ్చు దుకాణమునకు పోయి చూడుడు. సవరము, పూవులు, బిళ్ళలు, కుచ్చులు అన్నియు ఏకముగ కుట్టిన జడ యొకటి అట్టపెట్టెలో సిద్ధముగ నుండును. ఒక పూటకు తెచ్చి, పిన్నులతో తగిలించి, మరునాడు తిరిగి యిచ్చివేయుదురు. దీనిని మేము పరిహసించుట లేదు. 2025వ సంవత్సరమున తులము బంగారము లక్ష రూపాయలు దాటెను. సామాన్య గృహస్థు కుమార్తె జడకు పది తులములు వెచ్చింపలేదని ఆక్షేపించుట న్యాయము కాదు. ఎరువు సొమ్ము బరువు చేటని పెద్దలన్నమాట నిజమే. అయినను ఆ పెద్దల కాలమునను ఇరుగుపొరుగుల నగలు ఎరువు తెచ్చి పెండ్లి జరిపిన యిండ్లు లేకపోలేదు. మేము అడుగునది వేరు. ఆ యట్టపెట్టెలో మన చేతిపని యెంత, పరుల చేతిపని యెంత? మన ఆడువారి తలనుండి రాలినదియు, దేవునికి సమర్పింపబడినదియు నగు జుట్టు ఎచ్చటికి పోవుచున్నది?

ఈ కాలపు బాలికలలో పెక్కుమందికి జడనగల పేర్లు తెలియవు గావున కొంచెము విస్తరముగ చెప్పక తప్పదు. పాపిట వెంబడి వచ్చి నొసటిమీద వ్రాలునది పాపిటబిళ్ళ. నొసటిపైని చేర్చుక్క. పాపిటకొక ప్రక్క సూర్యుడు, రెండవ ప్రక్క చంద్రవంక. వెనుకతట్టు తలమీద గుండ్రముగ కూర్చుండునది రాగిడి. దాని దిగువ, జడ మొదలయిన చోట, పడగ విప్పిన పాము రూపున నాగరము. అక్కడనుండి జడ పొడుగునను జడబిళ్ళలు ఒకదాని క్రింద నొకటి చిన్నవగుచు దిగివచ్చును. కొనయందు పట్టుకుచ్చులు, కుప్పెలు, చిరుగంటలు. ముడి వేసికొను ముత్తైదువకు చామంతిబిళ్ళ. కలవారి యింట నాగరమున కెంపులు పొదిగి యుండును. లేనివారి యింట ఆ చోట చామంతిపూవే యుండును. చూచువారి కన్నులకు రెండును నిండుగనే యుండెడివి.

పూలజడ ముచ్చట దీనికి వేరు. వేసవిలో మల్లెమొగ్గలు చవుకయైన దినములలో, తెల్లవారకముందే తోటకు మనిషిని పంపి, విడువని మొగ్గలు తెప్పించి, కనకాంబరములు, మరువము నడుమ నడుమ చేర్చి, ఇంటి పెద్దమ్మయో మేనత్తయో రెండు జాములు కూర్చుండి ఆడపిల్లకు జడ కుట్టెడిది. ఆ పిల్ల మెడ త్రిప్పరాదు, ఏడువరాదు. మొగలిపొత్తులు దొరకిన కాలమున ఆ రేకులు మడిచి మొగలిజడ వేయుదురు. దాని పరిమళము పెట్టెలోని చీరలకు ఏడాది పట్టియుండును. జడ పూర్తియైన పిమ్మట ఫొటోగ్రాఫరు శాలకు ప్రయాణము. పిల్లను నిలువుటద్దమునకు వీపు చూపునట్లు నిలిపి, ముఖము నొకవైపున, జడ అద్దములో నొకవైపున పడునట్లు పటము తీయుదురు. తెలుగుదేశమున పాత పెట్టె తెరచిన అటువంటి పటమొకటి దొరకని యిల్లు అరుదు. పటములో నున్న అమ్మాయి నేడు ముత్తవ్వ. ఆ జడ కుట్టిన చేతులు లేవు.

ఇంతకన్న పూర్వపు ముచ్చట తెలిసికొనవలెనన్న శిల్పములే శరణ్యము. అమరావతి స్తూపపు పలకలపై రెండువేల యేండ్లనాటి స్త్రీలు కొప్పులతోను, వ్రేలాడు జడలతోను, తలచుట్టు చుట్టిన పూసల పేటలతోను కనుపింతురు. అవి చూచినవారికి మన జడ యొక నాటి వేషము కాదని బోధపడును. అయితే చూచుటయే కష్టము. 1845లో వాల్టరు ఎలియట్టు అను దొర త్రవ్వించిన ఆ పలకలలో చాలభాగము 1859లో సముద్రము దాటి, తుదకు లండనులోని బ్రిటిషు మ్యూజియము చేరినవి. కొన్ని చెన్నపురి మ్యూజియమున నున్నవి. అమరావతియందు మిగిలినది కొంత. కృష్ణాతీరపు ఆడుబిడ్డ తన పూర్వుల కొప్పు ఎట్లుండెడిదో చూడవలెనన్న థేమ్సు నది యొడ్డునకు పోవలసివచ్చుట మనకు అలవాటైపోయినది గనుక సిగ్గు కలుగుట లేదు.

లేపాక్షి యింకను మనకు మిగిలియున్నది. విజయనగర రాజుల కాలమున, 16వ శతాబ్దమున, వీరభద్రాలయపు పైకప్పున చిత్రించిన స్త్రీల కొప్పులను మెడ నొప్పి పుట్టునంతసేపు చూచిన తనివి తీరదు. తల వెనుకకు లాగి ఒక ప్రక్కకు ఒరగవేసిన ముడులు, వానిచుట్టు పూలచెండ్లు. ఆ ప్రక్కనే పొడుగు కుళ్ళాయిలు ధరించిన మగవారు. కొప్పున్నమ్మ ఏ ముడి పెట్టినను అందమే యను సామెత ఆ చిత్రకారుని ఎదుట నిలువదు; ఏ ముడి ఎవరికి తగునో అతనికి తెలిసియున్నది.

ఇక కూచిపూడివారి సత్యభామ జడ. ఒక నగకు ఇంతటి అభిమానము తగిలించిన వేరొక నాట్యము మేమెరుగము. భామాకలాపమున పాత్ర ప్రవేశించుటకు ముందు తెరపైనుండి ఆ జడను బయటకు వేయుట సంప్రదాయము. అది సింగారము మాత్రమే కాదు, సభలోని విద్వాంసులకు సవాలు. నన్ను జయింపగలవారున్న ఈ జడ కోసివేయవచ్చునని దాని భావము. దానిని వేసిన నటుడు చిరకాలము పురుషుడే. వేదాంతం సత్యనారాయణశర్మ 2012లో కాలధర్మము నొందువరకు ఆ సత్యభామయే ఆయన పేరుగ నుండెను. ఈ నగలు బంగారువి కావు. తేలికయైన బూరుగుకొయ్యతో చెక్కి పైపూత పూసినవి. తెలివిగల చేతికి కొయ్య చాలునని దీనివలన తెలియుచున్నది.

ఇంతవరకు చెప్పి ఊరకుండిన మేము సగము నిజము దాచినవారమగుదుము. ఏ యింట ఒక ఆడుబిడ్డకు జడబిళ్ళలు పెట్టి హారతి పట్టిరో, ఆ యింటనే పదునాలుగేండ్ల వేరొక ఆడుబిడ్డను, మగడు చనిపోయెనను నేరమునకు, మంగలి కత్తి ఎదుట కూర్చుండబెట్టిరి. అగ్రవర్ణములలో, ముఖ్యముగ బ్రాహ్మణ కుటుంబములలో, ఈ యాచారము మన తాతల కాలము వరకు సాగెను. తెలుగున స్త్రీని తిట్టు నీచపు మాట ఆ ముండనమునుండియే పుట్టినది. అది నేటికిని వీథులలో వినబడుచున్నది. కందుకూరి వీరేశలింగము పంతులు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించినపుడు ఊరు ఊరంతయు ఆయనపై లేచెను. ఆనాటి వధువు తల మరల పూవు తురుముకొన్నది. జడ గతవైభవమును పొగడు వ్యాసములలో ఈ దినము సాధారణముగ కనబడదు.

శిరస్సుపై నున్న వెంట్రుక మానమునకు గురుతగుటచేతనే దానిపై బలవంతుని కన్ను పడును. 1996 డిసెంబరు 29న తూర్పుగోదావరి జిల్లా వెంకటాయపాలెమున దళిత యువకులను కట్టికొట్టి, వారిలో నిద్దరికి తలయు కనుబొమలును గొరిగించిరి. విశాఖపట్టణపు న్యాయస్థానము శిక్ష విధించినది 2024 ఏప్రిలు 16న. ఇరువదియేడేండ్లకు పైగా పట్టినది. పోయిన జుట్టు మూడు మాసములలో మొలచును. తీర్పు మొలచుటకు ఇంత కాలము.

కావున ఆడువారు జడ తగ్గించుకొనుచున్నారని వాపోవు పెద్దమనుష్యులతో మేము చేరము. మగవారు ఇంగ్లీషు బడులలో చేరి ముడి విడిచి క్రాపు చేయించుకొన్నపుడు ఇంటింట ఏడ్పులు పుట్టినవి. నేడు పిలక అర్చకుల యొద్ద తప్ప కానరాదు, ఎవరును తలచుకొని ఏడ్చుటయు లేదు. ఆడపిల్ల రెండు జడలు మడిచి రిబ్బను కట్టి బడికి పోయినపుడును ఆక్షేపించిరి. నేడు ఆ రెండు జడలే పాతకాలపు అందమని మెచ్చుకొనుచున్నారు. కుంకుడుకాయ పోయి షాంపూ వచ్చినదని విచారించువారికి ఒక మాట: ఆ షాంపూ యను శబ్దము హిందీలోని చాంపో అను మాటకు వికారము. పాట్నాలో పుట్టిన దీన్ మహమ్మదు 19వ శతాబ్దపు ఆరంభమున ఇంగ్లండులోని బ్రైటనునగరమున దొరలకు తలయు ఒళ్ళును మర్దించి దానిని వ్యాపింపజేసెను. మన మాటయే పొట్లములలో మనకు అమ్మబడుచున్నది.

మా చింత వర్తకమును గూర్చినది. పూర్వము దువ్వెనకు వచ్చిన చిక్కు వెంట్రుకలను స్త్రీలు ఉండ చుట్టి గోడసందున దోపి యుంచెడివారు. సవరములు కట్టు స్త్రీ వీథిలోనికి వచ్చి ఆ యుండలు తీసికొని సూదులు, పూసలు, పిన్నులు ఇచ్చెడిది. చిక్కు తీసి, సవరము కట్టి, పొరుగూరి వీథిలో అమ్మెడిది. ఊరి వెంట్రుక ఊళ్ళలోనే తిరిగెడిది. నేడు ఆ బేరము అంతర్జాతీయమైనది. ఏలూరు, హైదరాబాదు ప్రాంతములలో చిక్కు వెంట్రుకలు తూకమునకు కొని మూటలు కట్టుచున్నారు. కొనువారిలో మొదటివారు చైనావారు. హోనాను రాష్ట్రములోని షూచాంగు అను నగరము లోకమునకు విగ్గులు చేసి పంపు కేంద్రము.

తిరుమల వెంట్రుకల తరగతి వేరు. వెంట్రుకకు చేపకువలె పొలుసులుండును. అవి మొదటినుండి కొనవైపునకు వాలియుండును. కల్యాణకట్టలో ఒక్క తలనుండి ఒక్కసారిగ గొరిగిన జుట్టున పొలుసులన్నియు ఒకే దిక్కున నుండుటచే విగ్గు కట్టిన పిమ్మట చిక్కుపడదు. దీనినే వర్తకులు రెమీ యందురు. గోడసందు ఉండలలో మొదలు కొన కలిసిపోవుటచే ఆ పొలుసులను ఆమ్లముతో కరగించి గాని ఉపయోగింపరాదు. అందుచే భక్తుల జుట్టునకు గిరాకి. దేవస్థానమువారు 2011నుండి ఈ-వేలములలో దీనిని విక్రయించుచున్నారు. ఇటీవలి సంవత్సరములలో ఈ పద్దు క్రింద సాలీనా వంద కోట్ల రూపాయలకు మించి ఆదాయము చూపబడుచున్నది. 2004 మే మాసమున యెరూషలేములోని రబ్బీ ఎల్యాషివు, ఈ జుట్టు విగ్రహారాధనలో సమర్పింపబడినది గనుక యూద స్త్రీలు ధరింపరాదని తీర్పు చెప్పగా, న్యూయార్కు వీథులలో విగ్గులు కుప్పవేసి తగులబెట్టిరి. కొండపై మొక్కు చెల్లించిన తెలుగుతల్లికి తన జుట్టు ఎక్కడ కాలినదో తెలియదు.

దొంగదారిన బర్మామీదుగ చైనాకు పోవుచున్నదని ఫిర్యాదులు పుట్టిన పిదప 2022 జనవరిలో భారత ప్రభుత్వము ముడి వెంట్రుకల ఎగుమతిపై ఆంక్ష విధించెను. మంచిదే. కాని ఆపుట వేరు, ఇచ్చట పని పుట్టించుట వేరు. ప్రత్తి పోయి బట్ట వచ్చుటను గూర్చి మన తాతలు ఉద్యమము నడపిరి. వెంట్రుక పోయి విగ్గు వచ్చుట ఆ కథయే. దానితోపాటు చైనాలోని యీవూ సంతనుండి ప్లాస్టికు క్లిప్పులు, రబ్బరు పట్టీలు, రాళ్ళద్దిన పిన్నులు బస్తాలలో దిగుచున్నవి. కూచిపూడి నేర్చు పిల్లల నాగరము, రాగిడి సయితము విశేషముగ నాగర్‌కోయిలు దాపున వడశేరినుండి వచ్చుచున్నవి. అది స్వదేశమే గనుక మాకు అసూయ లేదు. వారు తమ పనికి భౌగోళిక గుర్తింపు సంపాదించుకొన్నారు, మెచ్చవలసినదే. కూచిపూడికి కూతవేటు దూరమున కాకున్నను, అదే జిల్లాలో మచిలీపట్టణపు చిలకలపూడి కలదు. గిల్టు నగలకు దేశమెల్ల పేరొందిన ఊరు. రాగిపై పసిడిపూత పూసి జడబిళ్ళ అచ్చు గ్రుద్దగల చేతులు అచ్చటనున్నవి. వారికి కావలసినది క్రొత్త అచ్చులు, చవుక అప్పు, కొనువారు.

దేవస్థానమువారు వేలము షరతులు మార్చుటకు శాసనసభ అనుమతి అక్కరలేదు. పొడుగైన తరగతి జుట్టులో పదవవంతయినను, ముడిసరకుగ విదేశమునకు పంపక రాష్ట్రములోనే విగ్గులు, సవరములుగ చేయించువారికి ప్రత్యేకింపవచ్చును. చిన్న సంఘములు కొనగలుగునట్లు మూటల పరిమాణము తగ్గింపవచ్చును. పుండువ్యాధికి మందు తిని జుట్టు పోగొట్టుకొన్న పేద స్త్రీలకు ఆ విగ్గులలో కొన్ని ఉచితముగ ఈయవచ్చును. తమ యేలుబడిలోని ఆసుపత్రులలో ఏటేట ఎందరికి అవి కావలసియుండునో లెక్కవేయుట దేవస్థానమువారికి ఒక దినము పని.